ప్రవేశ పరీక్షలో వ్యాసం – మేము దిద్దిన ఒక కాగితం

ఈ యేటి సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదకవర్గ విద్యార్థులు మమ్ము కోరినపుడు, ఏ విషయం మీద వ్రాయమంటారని ఎదురు ప్రశ్నించాము. "ప్రవేశ పరీక్షల్లో వ్యాసం ఎలా వ్రాయాలో చెప్పండి సార్, మాకు పనికి వస్తుంది" అన్నారు. ఉర్దూ విభాగంలోని మా సహాధ్యాపకులు గజల్ సౌందర్యం గురించి వ్రాస్తున్నారని విన్నాము. మాకు మాత్రం ఈ పొడి విషయం మిగిలిందే అని మొదట కొంత చిన్నబుచ్చుకున్నాము. తరువాత ఆలోచించగా, ఈ విషయం మీద మేము చెప్పవలసిన మాట ఒకటి ఏళ్ల తరబడి మా గుండెలోనే ఉండిపోయిందని తోచింది. అది సలహా కాదు. మేము చేసిన తప్పును ఒప్పుకోవడం. సలహాలు దాని వెంట వస్తాయి. పాఠకులు కొంచెం ఓర్పు వహించాలని మనవి.

2015 నుండి నాలుగేళ్లపాటు మేము అరకు లోయ ప్రాంతంలోని ఒక కళాశాలలో తెలుగు బోధించాము. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఎం.ఏ. పట్టా పుచ్చుకొని, అక్కడక్కడ తాత్కాలిక కొలువులు చేసిన తరువాత దొరికిన ఉద్యోగమది. అనకాపల్లి మైదానంలో పుట్టి పెరిగిన మాకు కొండ మీది కాపురం కొత్త. విశాఖపట్నం నుండి నూటపది కిలోమీటర్లకు పైబడిన ప్రయాణం, సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తు, కార్తికం మొదలు మాఘం వరకు వదలని చలి. ఉదయం పూట మంచులో కళాశాల గంట వినబడేది గాని, గంట కొట్టే మనిషి కనబడేవాడు కాదు.

వలిసె పూలు కొండవాలులను పసుపుపచ్చగా మార్చే రోజుల్లో మైదానపు జనం వచ్చి, చేలలో నిలబడి ఫొటోలు తీయించుకొని పోయేవారు. 2017 ఏప్రిల్‌లో విశాఖ–అరకు రైలుకు అద్దాల పెట్టె కూడ తగిలించారు. కాని, ఆ మార్గాన్ని 1960వ దశకంలో వేసినది విహారయాత్రికుల కొరకు కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు, అక్కడి నుండి జపానుకు చేర్చడం కొరకు, యాభైకి పైగా సొరంగాలు తొలిచి వేసిన మార్గమది. మా పాఠం మధ్యలో గూడ్సు బండి వచ్చినపుడు ఆ చప్పుడు సద్దుమణిగేవరకు మేము ఆగేవారము. పిల్లలు ఆ వ్యవధిలో పెట్టెలు లెక్కపెట్టేవారు.

ఆ పిల్లలు బగత, వాల్మీకి, కోటియా, కొండదొర, గదబ, పోర్జ, ఖోందు కుటుంబాల నుండి వచ్చినవారు. కొందరి ఇంట ఆదివాసీ ఒడియా, కొందరి ఇంట కువి. బడిలో తెలుగు. పై చదువులకు ఇంగ్లీషు. ఇంటి భాష ఒకటి, బడి భాష మరొకటి అయిన వారి అవస్థ మాకు తెలియనిది కాదు. మా ఇంట్లో అమ్మీ, అబ్బా మాట్లాడేది ఉర్దూ. మేము అక్షరాలు దిద్దినది తెలుగులో. కావున ఈ పిల్లల మనసు మాకు తెలుసునని, వారికి దారి చూపగల యోగ్యత మాకున్నదని మేము గట్టిగా నమ్మాము. ఆ నమ్మకమే మా కళ్లు కప్పింది.

2017లో, బి.ఏ. ఆఖరు సంవత్సరం చదువుతున్న ఒక విద్యార్థి మా వద్దకు వచ్చి, ఢిల్లీలోని ఒక కేంద్రీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. ప్రవేశానికి దరఖాస్తు చేశానని చెప్పాడు. ఆ పరీక్షలో టిక్కులు పెట్టే ప్రశ్నలు కావు, వ్యాసాలు వ్రాయాలి. పరీక్ష డిసెంబరు నెలాఖరున. ఇంగ్లీషు చెప్పేవారి స్థానం ఆ యేడు ఖాళీగా ఉంది. "ముందు తెలుగులో వ్రాయి. భావం నిలబడిన తరువాత ఇంగ్లీషులోకి తీసుకొనిపోదాము" అని మేమే పూనుకున్నాము.

అది కాఫీ పండ్లు కోసే కాలం. పగలు ఇంటివారితో పాటు తోటలో కోత, సాయంకాలం మా గదిలో వ్యాసరచన. సిల్వర్ ఓక్ నీడన పెరిగే ఆ చెట్ల నుండి ఎర్రగా పండిన పండ్లను మాత్రమే ఏరి కోయాలి. పచ్చి కాయ ఒకటి కలిసినా సరుకు నాణ్యం తగ్గుతుంది. తొక్క ఒలిచి, గింజను నానబెట్టి, కడిగి, ఎండబెట్టాలి. ఆ కుర్రవాడు వచ్చి కూర్చున్నపుడు గోళ్ల సందుల్లో గుజ్జు మరక ఉండేది. కాగితానికి అంటుతుందని చేతులు మళ్లీ మళ్లీ లాగుకు తుడుచుకొనేవాడు.

మేము అతనికి నేర్పినది ఏమిటో చెబితే, ఇక్కడ చదువుతున్న మీలో చాలామందికి అది పరిచితమే అనిపిస్తుంది. దానికి మేము "నాలుగు స్తంభాల వ్యాసం" అని పేరు పెట్టుకున్నాము. మొదటి స్తంభం నిర్వచనం. రెండవది చరిత్ర. మూడవది లాభనష్టాలు. నాలుగవది ఒక మహానుభావుని సూక్తితో ముగింపు. ఈ నాలుగు స్తంభాల మీద విద్య, వైద్యం, పర్యావరణం, స్త్రీ, జనాభా, విజ్ఞానశాస్త్రం – ఏ పైకప్పునైనా నిలబెట్టవచ్చునని మా ధీమా. గైడ్లు కొని తెప్పించాము. పది వ్యాసాలు కంఠస్థం చేయించాము.

మొదట అరకు లోయ మీద ఒక వ్యాసం వ్రాయమన్నాము. అతడు గైడులోని మాటలనే దించాడు. ప్రకృతి ఒడిలో అరకు, ఆంధ్రా ఊటీ అరకు, యాత్రికుల స్వర్గధామం అరకు. తాను పుట్టిన కొండ గురించి తాను ఎన్నడూ చూడని ఊటీతో పోల్చి వ్రాశాడు. మేము పదికి ఎనిమిది మార్కులు వేసి, వీపు తట్టాము.

రెండవ వారంలో "రహదారులు – ప్రగతి" అనే విషయం ఇచ్చాము. ఆ రోజు ఎందువలననో అతడు గైడు తెరువలేదు. ఒకటిన్నర పుటల కాగితం తెచ్చి ఇచ్చాడు. అందులోని సంగతి ఇది.

వారి గూడెం నుండి మోటారు రోడ్డుకు ఏడు కిలోమీటర్లు. నడవలేని రోగిని గాని, నొప్పులు పడుతున్న స్త్రీని గాని డోలీలో మోసుకొని రావాలి. గట్టి వెదురు బొంగుకు దుప్పటి రెండు కొసలూ బిగించి కడితే అదే డోలీ. ముందొకరు, వెనుకొకరు మోస్తారు. మిగిలినవారు పక్కన నడుస్తూ వంతులవారీగా భుజం మారుస్తారు. ఆ ఏడు కిలోమీటర్లలో భుజం మార్చుకొనే చోట్లు పదకొండు. ప్రతి చోటుకూ ఒక పేరు ఉంది. చింతచెట్టు, జీలుగుచెట్టు, ముసలి పనస, నల్లబండ, ఇలాగ. అతడు పదకొండు పేర్లూ వరుసగా వ్రాశాడు. ఆరవది దాటాక గెడ్డ వస్తుందని, గెడ్డలో దిగిన తరువాత ఎంత బరువైనా ఎవరూ భుజం మార్చరాదని వ్రాశాడు. అంతకు ముందు ఏడాది తన అక్కను ఆ దారినే మోశారు. అతనూ మోశాడు. చివరి వాక్యాలు మాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. "తొమ్మిదో చోట అక్క మూలగడం మానేసింది. మేము ఎవరమూ భుజం మార్చుకోలేదు. రోడ్డు దాకా అలాగే నడిచాము."

మేము ఎర్ర కలం తీశాము. "గెడ్డ" అనే మాటను కొట్టివేసి "సెలయేరు" అని వ్రాశాము. "మానేసింది"ని "మానివేసినది" అని దిద్దాము. పుట మీద అడ్డంగా రెండు గీతలు గీచి, కింద ఇలా వ్రాశాము: "నిర్వచనము లేదు. గణాంకములు లేవు. ముగింపు లేదు. వ్యక్తిగత విషయములు వ్యాసమునకు తగవు." పదికి మూడు మార్కులు.

అతడు కాగితం తీసుకొని, "సరే సార్" అన్నాడు. మరునాడు అదే విషయం మీద నాలుగు స్తంభాల వ్యాసం తెచ్చాడు. రహదారులు దేశానికి రక్తనాళములవంటివి అని మొదలైంది. మేము సంతోషించాము.

అక్క ఏమయిందని మేము అడుగలేదు.

డిసెంబరులో పరీక్ష వ్రాసి వచ్చాడు. ఫలితాలలో అతని పేరు లేదు. ఆ వేసవిలో వారపు సంతలో అల్లం బస్తా పక్కన కూర్చొని కనబడ్డాడు. మమ్ము చూచి లేచి నిలబడ్డాడు. పరీక్ష ఎలా వ్రాశావని మేము అపుడు గాని అడుగలేదు. "అభివృద్ధి గురించి ఒక ప్రశ్న వచ్చింది సార్. మా దారి సంగతి మొదలుపెట్టి అర పేజీ వ్రాశాను. అంతలో మీరు దిద్దినది గుర్తుకొచ్చింది. కొట్టేసి, నిర్వచనం నుండి మళ్లీ వ్రాశాను. టైము చాలలేదు" అన్నాడు. ఆ మాటలో నిష్ఠూరం లేదు. గురువు చెప్పినది తాను సకాలంలో పాటించలేకపోయానే అన్న నొచ్చుకోలు మాత్రమే ఉంది. అదే మమ్ము ఎక్కువగా బాధించింది.

అప్పుడు అడిగాము, అక్క సంగతి. "అక్క బతికింది సార్. పాప బతకలేదు" అన్నాడు. కొనేవారు ఎవరో రాగా తూకం వేయడానికి కూర్చున్నాడు.

ఆ అర పేజీ ఉంచి ఉంటే అతనికి ప్రవేశం దొరికేదని మేము అనడం లేదు. పరీక్షకుల మనసు మనకు తెలియదు; పోటీ దేశమంతటి నుండి వచ్చినది. మా బాధ వేరు. ఆ గదిలో కూర్చున్నవారిలో ఆ కుర్రవానికి తప్ప మరెవరికీ తెలియని సంగతి ఒకటి ఉండగా, దానిని అతని చేతనే కొట్టివేయించి, అందరికీ తెలిసినదే వ్రాయించాము. పరీక్షలో వ్యాసమనే భాగాన్ని ఎందుకు పెడతారో, దాని మూలానికే అది విరుద్ధం. టిక్కులు పెట్టే ప్రశ్నలో జవాబు ముందే అచ్చు అయి ఉంటుంది. వ్యాసంలో మాత్రమే పరీక్ష తన నోరు మూసుకొని, "నీకు ఏమి తెలుసు? నీవు ఎలా ఆలోచిస్తావు?" అని అడుగుతుంది. అడిగినపుడు కూడ మన పిల్లలు గైడు గొంతుతో జవాబు చెబుతున్నారు. చెప్పిస్తున్నది మేము.

ఈ జబ్బు మాకు ఎక్కడ అంటుకున్నదో వెదకగా, మా బాల్యంలోనే దొరికింది. అనకాపల్లిలో మేము ఎనిమిదవ తరగతి చదివే రోజులు. అబ్బా బెల్లం మార్కెట్టులో కాటా వేసే పనిలో ఉండేవారు. పరీక్షలో "మా ఇంటి పండుగ" అనే వ్యాసం వచ్చింది. మేము గైడులోని సంక్రాంతిని దించాము. మా వాకిట ముగ్గులు, మా ముంగిట గొబ్బెమ్మలు, మా ఇంటికి హరిదాసు, మా అమ్మ వండిన అరిసెలు! మాస్టారు మెచ్చుకొని తరగతిలో చదివి వినిపించారు. పిల్లలెవరూ నవ్వలేదు, వారూ అదే వ్రాశారు. ఇంటికి వచ్చి మార్కులు చూపితే అమ్మీ సంతోషించి, "ఏమి వ్రాశావు బేటా?" అని అడిగింది. మేము చెప్పలేకపోయాము. రంజాను నెల సహరీ వేళ అబ్బా మమ్ము నిద్ర లేపడం, ఈద్ నాడు పక్కింటి వెంకాయమ్మ పిన్నికి షీర్ ఖుర్మా గిన్నె పట్టుకొని వెళ్లడం, ఆమె ఆ గిన్నెను ఖాళీగా తిరిగి ఇవ్వకుండా బెల్లం అచ్చు వేసి పంపడం – ఇవన్నీ పరీక్షకు పనికిరావని ఎవరూ మాకు చెప్పలేదు. మేమే గ్రహించుకున్నాము. సంక్రాంతి మాకు పరాయిది అని కాదు. ఆ వీధిలో అందరి పండుగలూ అందరివే. కాని, ప్రశ్న "మా ఇంటి పండుగ" అని ఉండగా మేము మరొకరి ఇంటిని వ్రాశాము. ఆ బాలుడే పెద్దవాడై ఎర్ర కలం పట్టుకొని కొండ ఎక్కాడు.

విచిత్రమేమంటే, ఆ యేళ్లలో మేము ప్రతి తరగతికీ వ్యావహారిక భాషోద్యమ చరిత్రను పాఠంగా చెప్పేవారము. పరీక్షలలో విద్యార్థి ఏ తెలుగులో వ్యాసం వ్రాయాలన్నదే ఆ వివాదానికి కేంద్రం. మద్రాసు విశ్వవిద్యాలయం వ్యాసరచన విషయమై వేసిన సంఘంలో గురజాడ అప్పారావుగారు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. మరుసటి సంవత్సరమే కన్నుమూశారు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) ఈ తూర్పు కనుమల అంచున ఉన్న పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవరల భాషను సవరల నోటనే నేర్చుకొని, వారి పిల్లలకు వాచకాలు తయారు చేశారు. ప్రజలు పలికే భాష విలువను ఆయన ముందుగా కొండవారి నోట విని, తరువాత తెలుగువారికి చెప్పారు. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాము. ఆ ఉత్సవంలో ఉపన్యాసం ఇచ్చిన నోటితోనే మేము "గెడ్డ" తప్పని, "సెలయేరు" ఒప్పని చెప్పాము. సెలయేరు యాత్రికుడు చూచే నీరు. డోలీ మోసేవాడు దాటే నీరు గెడ్డ.

కంఠస్థ వ్యాసం మన ఒక్కరి జాడ్యం కాదు. చీనా దేశంలో ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ఎనిమిది అంగాల వ్యాసమనే కట్టుదిట్టమైన పద్ధతి మింగ్ వంశ కాలం నుండి కొన్ని శతాబ్దాలు నడిచింది. మాదిరి వ్యాసాల సంపుటాలు అచ్చువేసి అమ్మేవారు. అభ్యర్థులు వాటిని వల్లె వేసేవారు. చివరకు 1905లో ఆ పరీక్షలనే రద్దు చేశారు. అమెరికాలో కళాశాల ప్రవేశానికి ఉపయోగించే శాట్ పరీక్షలో 2005లో ఇరవైయైదు నిమిషాల వ్యాసాన్ని చేర్చారు. లెస్ పెరల్మన్ అనే ఆచార్యుడు మార్కులు వేసిన వ్యాసాలను పరిశీలించి, పొడవు పెరిగిన కొద్దీ మార్కులు పెరుగుతున్నాయని, అందులోని విషయం నిజమా కాదా అని చూడడం లేదని విమర్శించాడు. 2016లో ఆ వ్యాసాన్ని ఐచ్ఛికం చేసి, 2021లో చాలా వరకు తొలగించారు. మన దేశంలో కూడ జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం 2019 నుండి ప్రవేశ పరీక్షలను టిక్కుల పద్ధతికి మార్చింది. 2022 నుండి కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. అదీ టిక్కుల పరీక్షే.

అయితే ఇక వ్యాసం నేర్వడం దేనికి అని మీరు అడుగవచ్చు. వ్యాసం పూర్తిగా పోలేదు. కొన్ని విద్యాసంస్థలు ప్రవేశ సమయంలో నేటికీ వ్రాయిస్తున్నాయి. సివిల్ సర్వీసుల ప్రధాన పరీక్షలో వ్యాసానికి 250 మార్కులు. మూడు గంటలలో రెండు వ్యాసాలు వ్రాయాలి. అంతకు మించిన కారణం మరొకటి ఉంది. దానిని చివర చెబుతాము. ముందుగా, ఎర్ర కలం పక్కన పెట్టిన తరువాత మేము మా విద్యార్థులకు చెబుతున్న నాలుగు మాటలు.

మొదటిది, ప్రశ్నను రెండుసార్లు చదవండి. "వివరించండి" అంటే ఒక పని, "చర్చించండి" అంటే మరొక పని. వివరించమంటే విషయాన్ని విప్పి చెప్పాలి. చర్చించమంటే మీకు ఎదురుగా నిలబడి కాదనే మనిషిని ఊహించుకొని, అతని మాటను న్యాయంగా చెప్పి, తరువాత మీ మాట నిలబెట్టాలి. గంటసేపటి వ్యాసమైతే మొదటి పది నిమిషాలు కలం కదపకండి. చిత్తు కాగితం మీద మీరు చెప్పదలచిన ఒక్క మాటను ఒక్క వాక్యంలో వ్రాసుకోండి. ఆ వాక్యం కుదరకపోతే వ్యాసం కుదరదు. చివరి పది నిమిషాలు దిద్దుకోవడానికి ఉంచుకోండి.

రెండవది, మీరు కళ్లారా చూచినది ఒకటి వ్యాసంలో ఉండాలి. అంటే సొంత గోడు వెళ్లబోసుకొమ్మని కాదు. చూచినదాని నుండి అందరికీ వర్తించే మాటకు నడిచి వెళ్లడం నేర్చుకోవాలి. మేము ఆ కాగితాన్ని నిజంగా దిద్ది ఉండవలసినది ఇక్కడే. "నీవు పదకొండు చోట్లు చెప్పావు. బాగుంది. రైలు కొరకు ఇన్ని సొరంగాలు తొలచగలిగినపుడు, ఏడు కిలోమీటర్ల దారి ఎందుకు పడలేదు? దారి ఎవరి కొరకు వేస్తారు? ఇంకొక పేరా వ్రాసుకొని రా" అని అని ఉంటే చాలు. ఆ పేరాతో అది సంపూర్ణమైన వ్యాసం అయ్యేది. నిర్వచనం దానంతట అదే వచ్చేది.

మూడవది, ఉదాహరణను దూరం నుండి అరువు తేవడానికి ముందు ఇంటి చుట్టూ వెదకండి. భూమి హక్కుల మీద వ్యాసమంటే గైడు మిమ్ములను ఇతర ఖండాలకు తీసుకొనిపోతుంది. కాని, అరకుకు పొరుగున ఉన్న అనంతగిరి మండలం నిమ్మలపాడు ప్రాంతపు గనుల లీజుల మీద వచ్చిన వివాదమే 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పుగా దేశమంతటా ప్రసిద్ధమైంది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వం కూడ గిరిజనేతర ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు ఇవ్వరాదని ఆ తీర్పు చెప్పింది. దానికి ఆధారం, గిరిజనుల భూమి గిరిజనేతరులకు బదిలీ కారాదనే 1959 నాటి నిబంధన, దానిని 1970లో బిగించిన 1/70 చట్టం. మా అరకు విద్యార్థులు వల్లె వేసిన గైడులో ఇందులో ఒక్క ముక్కా లేదు; మేమూ చెప్పలేదు. మీ ఊరి పక్కన కూడ ఇటువంటిది ఏదో ఉండే ఉంటుంది. మీ వీధిలోని వక్ఫ్ భూమి గాని, మీ నాన్నగారు పనిచేసే బీడీ ఖార్ఖానా గాని, మీ అమ్మగారు చేరిన పొదుపు సంఘం గాని వ్యాసానికి తక్కువైనవి కావు. తేదీలు, అంకెలు మాత్రం నిశ్చయంగా తెలిసినవే వేయండి. తెలియని అంకె కంటె తెలిసిన చెట్టు పేరు మేలు.

నాలుగవది, భాష. పరీక్షా భాషకు ఒక మర్యాద ఉంది, దానిని నేర్చుకోవలసినదే. విభక్తులు, వాక్యాన్వయం, విరామ చిహ్నాలు తప్పకూడదు. కాని, వస్తువు పేరును మార్చకండి. గెడ్డ గెడ్డే, డోలీ డోలీయే, షీర్ ఖుర్మా షీర్ ఖుర్మాయే. ఇంగ్లీషులో వ్రాసినా ఆ మాటను అలాగే ఉంచి, పక్కన ఒక వాక్యంలో అదేమిటో చెప్పవచ్చు. ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, పరీక్షలో ఇంగ్లీషు అయిన మన కళాశాల విద్యార్థులకు ఇది మరీ ముఖ్యం. మూడు భాషలు మనకు మూడు అడ్డంకులని మేము చాలాకాలం అనుకున్నాము. ఇతరులు చూడలేని మూడు ఇళ్ల లోపలి సంగతులు మనకు తెలుసునని ఇప్పుడు అనుకుంటున్నాము.

ఇక, చివర చెబుతామన్న కారణం. 2019లో గ్రామ సచివాలయాలు ఏర్పడినపుడు ఆ విద్యార్థి పరీక్ష వ్రాసి ఉద్యోగం సంపాదించుకున్నాడు. అది టిక్కుల పరీక్ష. మేము ఆ యేడే కొండ దిగి వచ్చాము. కొన్నాళ్ల కిందట ఒక వివాహానికి విశాఖ వెళ్లినపుడు, పాత పరిచయాలు లాగగా అరకు వరకు వెళ్లివచ్చాము. ఇపుడది అల్లూరి సీతారామరాజు జిల్లా. 2022 ఏప్రిల్‌లో ఏర్పడింది, పాడేరు కేంద్రం. అతడు బస్సు దగ్గరకు వచ్చి మమ్ము ఇంటికి తీసుకొనిపోయాడు. కాఫీ ఇచ్చాడు. తరువాత ఒక ప్లాస్టిక్ సంచి నుండి కాగితాలు తీశాడు. వారి గూడేనికి దారి వేయమని ఊరి పెద్దలు అధికారులకు ఇచ్చిన అర్జీ నకలు అది. పెద్దలు వేలిముద్రలు వేశారు, వ్రాసినది అతడు.

మేము చదివాము. అందులో రక్తనాళములు లేవు, సూక్తులు లేవు. "మా గూడెం నుండి రోడ్డుకు ఏడు కిలోమీటర్లు. ఈ దారిలో డోలీ మోసేవారు భుజం మార్చుకొనే చోట్లు పదకొండు" అని మొదలైంది. పదకొండు పేర్లూ ఉన్నాయి. గెడ్డ గెడ్డగానే ఉంది. అక్క ప్రస్తావన మాత్రం లేదు. దాని బదులు, ఆ దారిలో గడచిన అయిదేళ్లలో మోయబడినవారి జాబితా తేదీలతో ఉంది. వ్యక్తిగత విషయాన్ని అందరి విషయంగా మార్చడమెలాగో మేము నేర్పకపోయినా అతడు నేర్చుకున్నాడు.

"దారి వచ్చిందా?" అని అడిగాము. "ఎనిమిదో చోటు దాకా మట్టిరోడ్డు వేశారు సార్. లోపలి మూడూ మిగిలాయి" అన్నాడు.

సంచిలో అడుగున మరొక కాగితం కనబడింది. మడతల దగ్గర చిరుగుతున్నది. ఎర్ర గీతలు రెండు, వెలసిపోయి గులాబీ రంగుకు వచ్చాయి. కింద మా చేవ్రాలు. మేము దానిని అడిగి తీసుకోవాలని చేయి చాచాము. అతడు నవ్వి, "దీన్ని చూసే వ్రాశాను సార్, ఉంచుకుంటాను" అని తిరిగి మడిచి లోపల పెట్టుకున్నాడు.

విద్యార్థులారా, మా దగ్గరకు వ్యాసాలు దిద్దించుకోవడానికి నిరభ్యంతరంగా రండి. మా బల్ల మీద ఇపుడు ఉన్నది పెన్సిలు. మీరు వ్రాసినది మాకు నచ్చకపోతే అంచున ఒక ప్రశ్న వ్రాస్తాము. దానికి జవాబు మీరు చెప్పాలి.